అసలు యజమాని ఎవరు? అమెరికా చిన్న కంపెనీల వెల్లడి చట్టం మీద కోర్టులు తేల్చినదీ తేల్చనిదీ

అమెరికాలో ఎల్‌ఎల్‌సి (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టాలంటే చాలా రాష్ట్రాల్లో కంపెనీ పేరు, ఒక చిరునామా, నోటీసులు అందుకునే ఏజెంటు వివరాలు ఇచ్చి రుసుము కడితే చాలు. అందులో పెట్టిన డబ్బు ఎవరిదో, లాభం చివరికి ఎవరి చేతికి పోతుందో రాష్ట్ర ప్రభుత్వం అడగదు. ఈ ఖాళీని పూడ్చడానికి అమెరికా కాంగ్రెస్ 2021 జనవరి 1న కార్పొరేట్ ట్రాన్స్‌పరెన్సీ చట్టాన్ని తెచ్చింది. రక్షణ వ్యయానికి సంబంధించిన పెద్ద బిల్లులో ఇది ఒక భాగం. ఆ బిల్లును అధ్యక్షుడు ట్రంప్ తిప్పి పంపగా, ఉభయ సభలూ ఆ వీటోను తోసిపుచ్చి ఆమోదించాయి.

నాలుగేళ్లు తిరిగేసరికి ఆ చట్టం మీద అలబామా నుంచి ఒరెగాన్ దాకా వ్యాజ్యాలు నడిచాయి, సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది, చివరికి ప్రభుత్వమే దేశీయ కంపెనీలన్నింటినీ దాని పరిధి నుంచి తప్పించింది. ఈ వ్యాసం రెండు ప్రశ్నలకు ఆధారాల మేరకు జవాబు వెతుకుతుంది. కోర్టులు నిజంగా ఏం తేల్చాయి? చిన్న వ్యాపారికి ఇప్పుడు దక్కిన ఊరట దేని మీద నిలబడి ఉంది? చట్టం రాజ్యాంగ విరుద్ధమని కోర్టులు కొట్టేశాయనీ, అందుకే ఈ ఊరట దక్కిందనీ చాలామంది అనుకుంటున్నారు. రికార్డు చూస్తే అలా లేదు. ఊరట ఇచ్చింది ట్రెజరీ శాఖ. చట్టం ఇంకా పుస్తకంలో ఉంది. ఈ తేడా చిన్నదేమీ కాదు.

చట్టం అడిగింది ఏమిటి

చట్టాన్ని అమలు చేసే బాధ్యత ట్రెజరీ శాఖలోని ఆర్థిక నేరాల నిఘా విభాగం ఫిన్‌సెన్‌ది. 2022 సెప్టెంబర్ 30న అది ప్రకటించిన నిబంధన 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రాష్ట్రంలో పత్రం దాఖలు చేసి ఏర్పడ్డ కార్పొరేషన్లు, ఎల్‌ఎల్‌సిలు, ఇతర దేశంలో ఏర్పడి అమెరికాలో వ్యాపారానికి నమోదైన సంస్థలు అప్పట్లో దీని కిందికి వచ్చాయి. 25 శాతం వాటా ఉన్నవారు, వాటా లేకపోయినా కంపెనీ మీద గణనీయమైన అదుపు ఉన్నవారు అసలు యజమానులు. వారి పేరు, పుట్టిన తేదీ, నివాస చిరునామా, పాస్‌పోర్టు లేదా డ్రైవింగ్ లైసెన్సు నంబరు, ఆ పత్రం ఫొటో ఇవ్వాలి. ఏ వివరం మారినా 30 రోజుల్లో తెలపాలి. 2024కు ముందే ఉన్న కంపెనీలకు 2025 జనవరి 1 గడువు, 2024లో పుట్టిన వాటికి 90 రోజుల గడువు పెట్టారు.

చట్టం 23 రకాల సంస్థలను మినహాయించింది. బ్యాంకులు, స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు, బీమా సంస్థలు వీటిలో ఉన్నాయి. అమెరికాలో కార్యాలయం, 20 మందికి మించి పూర్తికాలపు ఉద్యోగులు, 50 లక్షల డాలర్లకు మించి వార్షిక రాబడి ఉన్న కంపెనీ కూడా చెప్పనక్కర్లేదు. పెద్ద సంస్థల మీద వేరే నియంత్రణలు ఇప్పటికే ఉన్నాయన్నది దీని వెనక తర్కం. డొల్ల కంపెనీకి ఉద్యోగులు ఉండరు కనుక చూపు చిన్న సంస్థల మీదే ఉండాలన్నది రెండో తర్కం. రెండింటిలోనూ అర్థం ఉంది. కానీ ఇద్దరు పనివాళ్లతో దుకాణం నడుపుకునే మనిషికి కనిపించింది వేరు: పెద్దవాడికి మినహాయింపు, తనకు మాత్రం హెచ్చరిక. వ్యాజ్యాల వెనక ఉన్న ఆగ్రహాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ అసమానతను తేలికగా తీసుకోకూడదు.

జరిమానా రోజుకు 500 డాలర్లు. ద్రవ్యోల్బణ సవరణతో అది 2024లో 591 డాలర్లయింది. క్రిమినల్ శిక్ష 10,000 డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు. అయితే ఇవి ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించినవారికే. తప్పుగా ఇచ్చిన వివరాన్ని 90 రోజుల్లో సరిదిద్దుకుంటే రక్షణ ఉంది. సేకరించిన వివరాలు ప్రజలకు కనిపించవు. ఫెడరల్ సంస్థలు, కోర్టు అనుమతి ఉన్న రాష్ట్ర పోలీసులు, ఖాతాదారు ఒప్పుకుంటే బ్యాంకులు మాత్రమే చూడగలవు. చట్టం అక్షరాలా ఇంత. ప్రచారంలో మాత్రం జైలు మాట ముందు వినిపించింది, "ఉద్దేశపూర్వకంగా" అన్న మాట వెనకబడింది.

ఎందుకు అవసరమైంది: ఆధారాలు

డొల్ల కంపెనీల బెడద ఊహ కాదు. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల, నేరాల విభాగం కలిసి 2011లో వెలువరించిన అధ్యయనం 213 భారీ అవినీతి కేసులను పరిశీలించింది. ఎక్కువ కేసుల్లో యజమాని పేరు దాచడానికి కంపెనీలనే వాడుకున్నారని చూపింది. మైకేల్ ఫిండ్లే, డేనియల్ నీల్సన్, జేసన్ షర్మన్ అనే పరిశోధకులు మరో దారిలో వెళ్లారు. దాదాపు 180 దేశాల్లో కంపెనీలు పెట్టిపెట్టే 3,700కు పైగా సంస్థలకు వేర్వేరు మారుపేర్లతో ఈమెయిళ్లు పంపారు. జవాబిచ్చిన వాటిలో సగానికి దగ్గరగా సరైన గుర్తింపు పత్రాలు అడగలేదు. పన్ను స్వర్గాలుగా పేరుపడ్డ చిన్న ద్వీపాల సంస్థలు నియమాలు బాగా పాటించగా, అమెరికాలోని సంస్థలు వాటికన్నా వెనకబడ్డాయి. అంతర్జాతీయ ఆర్థిక చర్యల కార్యదళం 2016లో అమెరికాపై ఇచ్చిన మదింపులోనూ ఇదే ప్రధాన లోపంగా నమోదైంది.

ఈ ఆధారాలు ఒక మేరకే ఉపయోగపడతాయి. అమెరికాలో కంపెనీ ముసుగు సులభంగా దొరుకుతుందని అవి రుజువు చేస్తాయి. కోట్లాది చిన్న కంపెనీల వివరాలు సేకరిస్తే ఆ నేరం ఎంత తగ్గుతుందో మాత్రం చెప్పవు. బ్రిటన్ 2016 నుంచి ఇలాంటి రిజిస్టరు నడుపుతోంది. వచ్చిన వివరాన్ని సరిచూసే అధికారం రిజిస్ట్రారుకు లేకపోవడం పెద్ద లోపంగా తేలి, 2023లో కొత్త చట్టంతో ఆ అధికారం ఇవ్వాల్సి వచ్చింది. నేరస్థుడు తన నిజమైన పేరు తానే రాస్తాడా అన్న ప్రశ్నకు అమెరికా చట్టం ఇచ్చిన జవాబు ఒక్కటే: అబద్ధం రాస్తే ఆ అబద్ధమే నేరమవుతుంది. దర్యాప్తు అధికారికి అది పనికొచ్చే ఆయుధమే. దానితో ఎన్ని కేసులు తేలేవో కొలిచే అవకాశం రాకముందే అమలు ఆగిపోయింది.

ఖర్చు వైపు లెక్క ఫిన్‌సెన్ స్వయంగా వేసింది. మొదటి ఏడాది సుమారు 3.26 కోట్ల సంస్థలు నివేదిక ఇవ్వాలి, మొత్తం భారం సుమారు 2,270 కోట్ల డాలర్లు, ఆపై ఏటా సుమారు 560 కోట్లు. ఒకే యజమాని ఉన్న సాదా కంపెనీకి తొలి నివేదిక ఖర్చు 85.14 డాలర్లు, చిక్కుముడి నిర్మాణం ఉన్నదానికి 2,614.87 డాలర్లు అని అంచనా. మొత్తాన్ని సంస్థల సంఖ్యతో భాగిస్తే ఒక్కో దానికి సగటున 700 డాలర్లకు దగ్గరగా వస్తుంది. ఈ సగటు ఇద్దరినీ తప్పుగా చూపుతుంది. సాదా దుకాణదారుకు అంత ఖర్చు కాదు, వాటాలు నలుగురైదుగురు బంధువుల మధ్య, ట్రస్టుల మధ్య చీలిన కుటుంబ సంస్థకు అంతతో సరిపోదు. భారం చిన్నదనేవారూ మోయలేనిదనేవారూ ఒకే పట్టికలోని వేర్వేరు గళ్లు చూపిస్తున్నారు.

కోర్టులో నిలబెట్టిన రెండు వాదనలు

పిటిషనర్ల మొదటి వాదన ఫెడరల్ అధికారం గురించి. అమెరికాలో కంపెనీలకు ప్రాణం పోసేది రాష్ట్రాలు. కాంగ్రెస్‌కు అంతర్రాష్ట్ర, విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం ఉంది. కానీ ఈ చట్టం వ్యాపారం చేసినందుకు కాక, రాష్ట్రంలో ఒక పత్రం దాఖలు చేసి ఉనికిలోకి వచ్చినందుకే బాధ్యత మోపుతోందని వారన్నారు. దీనికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు వేరు. కంపెనీ పెట్టేది లావాదేవీల కోసమే, ఏ కార్యకలాపమూ లేని పాత సంస్థలకు చట్టంలోనే మినహాయింపు ఉంది, వాణిజ్యాన్ని ముసుగులోంచి బయటికి తెచ్చే నియమం వాణిజ్య నియమమే. స్థానికంగా పండించి వాడుకునే గంజాయిని కూడా ఫెడరల్ చట్టం నియంత్రించగలదన్న 2005 నాటి రైచ్ తీర్పు ప్రభుత్వం వైపు, బీమా కొనని వ్యక్తిని వాణిజ్య అధికారం కింద బలవంతపెట్టరాదన్న 2012 నాటి సెబీలియస్ తీర్పు పిటిషనర్ల వైపు నిలిచాయి.

రెండో వాదన, అసమంజసమైన సోదాలను నిషేధించే రాజ్యాంగ నాలుగో సవరణ గురించి. అనుమానం లేకుండా, వారెంటు లేకుండా కోట్లాది మంది వివరాలు పోగుచేసి పోలీసులకు అందుబాటులో ఉంచడం అసమంజసమైన సోదా అని వారన్నారు. పెద్ద నగదు లావాదేవీలను బ్యాంకులు ప్రభుత్వానికి తెలపాలన్న నియమాన్ని 1974లో కాలిఫోర్నియా బ్యాంకర్స్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు ఇక్కడికి వర్తిస్తుందా లేదా అన్నదే చర్చ. అక్కడ అడిగింది ఒక లావాదేవీ గురించి, ఇక్కడ అడుగుతున్నది మనిషి గురించి అన్న పిటిషనర్ల మాటను తేలిగ్గా తోసేయలేం. పేరు, చిరునామా, గుర్తింపు కార్డు వంటి వివరాలు బ్యాంకు ఖాతా తెరిచినప్పుడే ఇస్తామన్న ప్రభుత్వ జవాబునూ తోసేయలేం.

తీర్పుల ఊగిసలాట

మొదటి పెద్ద దెబ్బ అలబామాలో పడింది. 2024 మార్చి 1న న్యాయమూర్తి లైల్స్ బర్క్ ఈ చట్టం కాంగ్రెస్ అధికారాన్ని మించిపోయిందని తీర్పిచ్చారు. నాలుగో సవరణ ప్రశ్న జోలికి ఆయన వెళ్లలేదు. ఊరట కూడా కేసు వేసిన జాతీయ చిన్న వ్యాపారుల సంఘం సభ్యులకే పరిమితం. ఆ ఏడాది సెప్టెంబరులో ఒరెగాన్ కోర్టు, అక్టోబరులో వర్జీనియా కోర్టు ఇదే చట్టంపై స్టే ఇవ్వడానికి నిరాకరించాయి.

అసలు గందరగోళం టెక్సస్‌లో మొదలైంది. 2024 డిసెంబర్ 3న, గడువుకు నెల రోజులు కూడా లేనప్పుడు, టెక్సస్ టాప్ కాప్ షాప్ కేసులో న్యాయమూర్తి ఏమస్ మజాంట్ దేశమంతటా అమలును ఆపేశారు. డిసెంబర్ 23న అప్పీల్ కోర్టులోని ఒక ధర్మాసనం ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఫిన్‌సెన్ హడావుడిగా కొత్త గడువు ప్రకటించింది. మూడు రోజులు తిరక్కుండానే అదే కోర్టులోని మరో ధర్మాసనం ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. 2025 జనవరి 7న టెక్సస్‌లోనే న్యాయమూర్తి జెరెమీ కెర్నొడల్, స్మిత్ కేసులో, నిబంధనను విడిగా ఆపారు. జనవరి 23న సుప్రీంకోర్టు మజాంట్ ఉత్తర్వును పక్కన పెట్టింది. జస్టిస్ జాక్సన్ విభేదించారు. ఒకే జిల్లా కోర్టు దేశమంతటికీ వర్తించే ఉత్తర్వు ఇవ్వవచ్చా అన్న ప్రశ్నను తేల్చాల్సిందని జస్టిస్ గోర్సచ్ రాశారు. అయినా కెర్నొడల్ ఉత్తర్వు ఇంకా అమల్లో ఉండటంతో సుప్రీంకోర్టు మాటతో కూడా గడువు తిరిగి రాలేదు. ఫిబ్రవరి మూడో వారంలో ఆ ఉత్తర్వు కూడా తొలగి, మార్చి 21 కొత్త గడువైంది.

మజాంట్ కోర్టు పరిధిలోకి ప్లేనో, ఫ్రిస్కో వస్తాయి. డాలస్ ఉత్తరాన తెలుగువారు వేలుగా స్థిరపడిన ఊళ్లవి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి పెట్టిన ఐటీ కన్సల్టింగ్ ఎల్‌ఎల్‌సిలు, అద్దె ఇంటి కోసం పెట్టినవి, కిరాణా కొట్లు, రెస్టారెంట్లు సరిగ్గా చట్టం చూపు పడిన కొలతలోనివి. వీసా మీద ఉన్నవారికి ఫెడరల్ నోటీసు అంటే జరిమానా భయం ఒక్కటే కాదు, వలస రికార్డు మీద మచ్చ పడుతుందన్న దిగులు కూడా ఉంటుంది. అలాంటివారు రెండు నెలల్లో ఐదారుసార్లు మారిన ఉత్తర్వులను అనుసరించాల్సి వచ్చింది. నివేదిక నింపడానికి పట్టే గంట కన్నా, నింపాలో వద్దో తేలని ఆ వారాలు బరువైనవి. ఫిన్‌సెన్ ఖర్చుల పట్టికలో ఈ అనిశ్చితికి గడి లేదు.

ప్రభుత్వం వెనక్కి తగ్గింది

2025 ఫిబ్రవరి 10న ప్రతినిధుల సభ, 2024కు ముందు ఏర్పడిన కంపెనీల గడువును 2026 జనవరి 1 దాకా పొడిగించే బిల్లును 408–0 ఓట్లతో ఆమోదించింది. రెండు పార్టీలూ ఒక్క ఓటు తేడా లేకుండా ఒప్పుకున్న ఈ బిల్లు గడువును మాత్రమే జరిపేది, బాధ్యతను తీసేసేది కాదు. మార్చి 2న ట్రెజరీ శాఖ అమెరికా పౌరుల మీదా దేశీయ కంపెనీల మీదా జరిమానాలు వేయబోమని ప్రకటించింది. మార్చి 21న ఫిన్‌సెన్ మధ్యంతర నిబంధన తెచ్చి, నివేదిక ఇవ్వాల్సిన కంపెనీ నిర్వచనాన్నే మార్చింది. ఇప్పుడు విదేశీ చట్టం కింద ఏర్పడి అమెరికా రాష్ట్రంలో నమోదైన సంస్థలు మాత్రమే చెప్పాలి. వాటిలోని అమెరికన్ యజమానుల వివరాలు అక్కర్లేదు.

దీని ఫలితం హైదరాబాద్ నుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ టెక్సస్‌లో తన పేరు మీదే నమోదైతే, వేరే మినహాయింపు ఏదీ వర్తించనప్పుడు, నివేదిక ఇవ్వాలి. అదే కంపెనీ డెలవేర్‌లో అనుబంధ ఎల్‌ఎల్‌సి పెట్టి దాని ద్వారా వ్యాపారం చేస్తే ఆ ఎల్‌ఎల్‌సి ఏమీ చెప్పనక్కర్లేదు, యజమానులంతా విదేశీయులే అయినా సరే. నిజాయితీగా వ్యాపారం చేసేవారికి ఇది వెసులుబాటు. కానీ అవినీతి సొమ్ము దాచుకోవాలనుకునే విదేశీయుడికి కూడా దారి అదే. ప్రపంచ బ్యాంకు అధ్యయనం, ముగ్గురు పరిశోధకుల ఈమెయిళ్లు వేలెత్తి చూపింది సరిగ్గా ఈ దేశీయ డొల్ల కంపెనీనే. చట్టం పుట్టిన కారణం నిబంధన పరిధి బయట ఉండిపోయింది.

ఊరట ఎంత గట్టిది

2025 మార్చి 3న మిషిగన్‌లో న్యాయమూర్తి రాబర్ట్ జాంకర్ ఈ చట్టం నాలుగో సవరణకు విరుద్ధమని తీర్పు ఇచ్చారు. దానికి రెండు వారాల ముందు మెయిన్ రాష్ట్రంలోని ఫెడరల్ కోర్టు చట్టాన్ని సమర్థించింది. 2025 డిసెంబర్ 16న పదకొండో సర్క్యూట్ అప్పీల్ కోర్టు అలబామా తీర్పును తిరగరాసింది. చట్టం ఆర్థిక కార్యకలాపాన్నే నియంత్రిస్తోందనీ, అందరికీ ఒకేలా వర్తించే పరిమిత వివరాల నివేదిక, చట్టం రాతను బట్టి చూస్తే, నాలుగో సవరణను ఉల్లంఘించదనీ తేల్చింది. అంటే చిన్న వ్యాపారుల తొలి విజయం అప్పీలులో నిలవలేదు. సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఇచ్చింది తాత్కాలిక ఉత్తర్వే, రాజ్యాంగబద్ధత మీద తీర్పు కాదు. పైగా అదే ఏడాది జూన్ 27న కాసా కేసులో అది దేశవ్యాప్త ఇంజంక్షన్లను బాగా కట్టడి చేసింది. ఇక మీదట ఒక టెక్సస్ న్యాయమూర్తి ఉత్తర్వు న్యూజెర్సీలోని దుకాణదారును కాపాడుతుందని ధీమాగా ఉండలేం.

కాబట్టి ఊరటకు ఆధారం ఒక్కటే మిగులుతుంది: ట్రెజరీ మంత్రి వాడిన మినహాయింపు అధికారం. అటార్నీ జనరల్, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మంత్రి సమ్మతితో, నివేదిక ప్రజాహితానికి అవసరం లేదనీ నేర దర్యాప్తుకు పెద్దగా ఉపయోగపడదనీ భావించిన సంస్థల వర్గాన్ని తప్పించవచ్చని చట్టం చెబుతుంది. ఆ వెసులుబాటును మొత్తం దేశీయ కంపెనీలకు వర్తింపజేశారు. దేశీయ కంపెనీల కోసమే ముఖ్యంగా రాసిన చట్టంలోని మినహాయింపు అధికారం అంత దూరం సాగుతుందా అన్నది గట్టి న్యాయ ప్రశ్న. ఒక మంత్రి ఇచ్చిన మినహాయింపును తగిన ప్రక్రియ పాటించి మరో మంత్రి తీసేయగలరు.

భారతీయ నమూనాతో ఒక పోలిక

భారత కంపెనీల చట్టం 90వ సెక్షన్, 2018 నాటి నియమాలు కూడా అసలు యజమానిని వెల్లడించమంటాయి. పరిమితి 10 శాతం, అమెరికా కన్నా కఠినం. అయినా చిన్న కుటుంబ కంపెనీల మీద అంత అలజడి లేకపోవడానికి నిర్మాణంలోనే ఒక కారణం కనిపిస్తుంది. వాటాలు తన పేరు మీదే నేరుగా ఉన్న వ్యక్తి ప్రత్యేక ప్రకటన ఇవ్వనక్కర్లేదు, ఆ పేరు వాటాదారుల రిజిస్టరులో, వార్షిక పత్రాల్లో ముందే ఉంటుంది. మరో సంస్థ చాటున వాటా ఉన్నప్పుడే అదనపు ప్రకటన. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఎల్‌ఎల్‌సి సభ్యుల జాబితా అడగకపోవడం వల్ల, దాచినవారినీ దాచనివారినీ ఒకే వరుసలో నిలబెట్టాల్సి వచ్చింది. పన్ను గుర్తింపు సంఖ్య ఇచ్చేటప్పుడు ఆదాయపు పన్ను విభాగం ఒక బాధ్యుడి పేరు తీసుకుంటుంది, కానీ అది ఒక్కరి పేరే, పైగా పన్ను వివరాల గోప్యత చట్టం దాన్ని ఇతర సంస్థలకు సులభంగా ఇవ్వనివ్వదు.

ఆధారాలు మోయగలిగినంత ముగింపు

ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు మాటలు నిలుస్తాయి. ఒకటి, కంపెనీ ముసుగుతో జరిగే దోపిడీ నిజం. దాని బాధితులు పేద దేశాల ప్రజలు, మోసపోయిన పెట్టుబడిదారులు, నిజాయితీగా పన్ను కట్టే పోటీదారులు. రెండు, 2024 నిబంధన చిన్న వ్యాపారి మీద పెట్టిన భారం రూపకల్పన లోపం వల్ల అవసరానికి మించి పెరిగింది. మూడు, దాన్ని కోర్టులు చక్కదిద్దలేదు. ఒక కోర్టు మరో కోర్టును కాదంటూ పోయిన ఆ నెలల్లో ప్రజలకు దక్కింది న్యాయం కాదు, అయోమయం.

నేను చిన్న వ్యాపారి పక్షం. అందుకే ఇప్పుడున్న మినహాయింపుతో తృప్తి పడలేను. అది ఆయనకు హక్కుగా రాలేదు, అనుగ్రహంగా వచ్చింది. శాశ్వతమైన మార్గం కాంగ్రెస్ చేతిలో ఉంది. కంపెనీ పుట్టేటప్పుడే రాష్ట్ర పత్రంలో యజమాని పేరు ఒక్కసారి తీసుకోవడం, వాటా నేరుగా సొంత పేరు మీద ఉన్నవారికి అంతటితో పని ముగించడం, మరో సంస్థ చాటున ఉన్నవారిని మాత్రమే లోతుగా అడగడం, పొరపాటుకు రోజువారీ జరిమానా బదులు ముందు నోటీసు ఇవ్వడం వంటి మార్పులు రెండు లక్ష్యాలనూ కలపగలవు. ఇవి ఏ మేరకు పనిచేస్తాయో ఒకటి రెండు రాష్ట్రాల్లో అమలు చేసి కొలవాలి, కొలిచిన తర్వాతే దేశమంతటికీ తేవాలి. అంతవరకు ఎల్‌ఎల్‌సి ఉన్న ప్రతివారూ వాటాల పత్రాలను సరిగా రాసిపెట్టుకుని, చట్టం రద్దయిందన్న మాటను నమ్మకుండా, నిబంధన మారినప్పుడు వెంటనే తెలుసుకునే ఏర్పాటు చేసుకోవడం మేలు.